చెత్త వేసినవాడు

మా వదినను వీధి వీధంతా కత్తెరమ్మ అంటుంది. దర్జీ కాబట్టి అనుకునేరు, అది నోటి వల్ల వచ్చిన పేరు. అన్న పోయాక కొట్టు తనే నడుపుతోంది. ఆడపడుచుని నేను కాజాలు కుడతాను, కాగితం మీద నమూనాలు కత్తిరిస్తాను. దళసరి కాగితం కంటబడితే నా చెయ్యి ఊరుకోదు. ఆ గుణమే ఆ రోజు కొంప ముంచబోయింది.

ఓటర్ల జాబితాకు ఆ సాయంత్రం ఐదింటితో గడువు ఆఖరు. "ఇరవై ఒక్క ఏళ్లు నిండిన ప్రతివాడూ అర్హుడే" అని ప్రకటన వేశారు. మా ఊరి ఆడవాళ్లు పదకొండేళ్లుగా అర్జీలు పెట్టారు, ఊరేగింపులు తీశారు. ఎప్పుడు వెళ్లినా ఒకటే జవాబు: "ప్రతివాడూ అని ఉందమ్మా, ప్రతి ఆడదీ అని లేదు." వింటుంటే ఒళ్లు మండేది.

మధ్యాహ్నం వదిన మిషను ఆపింది.

"వాళ్ల మాట వాళ్లకే అప్పజెబుతా. ఆ తీర్పు కాగితం తియ్యి."

ఆ కాగితానికో కథ ఉంది. రెండేళ్ల కిందట మా గుమ్మంలోంచి గుడ్డపీలికలు గాలికి ఎగిరి వీధిలో పడ్డాయి. ఎదురుగోడ మీద "ఇచ్చట చెత్త వేసినవాడు శిక్షార్హుడు" అని బోర్డు. వదినను అధికారి ముందు నిలబెట్టారు. "వాడు అని ఉందండీ, నేను ఆడదాన్ని" అని వాదించింది. ఆయన నవ్వనైనా నవ్వకుండా "చట్టంలో వాడు అన్నచోట స్త్రీ కూడా ఉన్నట్టే" అని తీర్పు రాసి, మూడు రోజులు వీధి ఊడవమన్నాడు. వదిన ఊడ్చింది. తీర్పును మాత్రం కొట్లో అద్దం వెనక దాచింది. ఇప్పుడు జాబితా రాసేది ఆ అధికారే.

అద్దం వెనక కాగితం లేదు. పోయిన వారం దాన్ని నమూనాలకు కత్తిరించింది నేనే!

"వదినా, నన్ను తిట్టు."

"తిట్లకిప్పుడు తీరిక లేదు. ముక్కలెక్కడ?"

నమూనాల సంచి నేలమీద బోర్లించాం. కాలరు నమూనా మీద "వాడు అన్నచోట స్త్రీ కూడా" దొరికింది. కఫ్ మీద సంతకం ఉంది. ముద్ర ఉన్న ముక్క జేబు నమూనా అయి మేకుకు వేలాడుతోంది. అప్పటికే నాలుగున్నర. వదిన ముక్కలు పక్కపక్కన పేర్చి టకటకా మిషను మీద కుట్టేసింది. మిషనులో ఎర్రదారం ఉంది, మార్చలేదు.

కచేరీ వరండాలో అర్జీలు తిరిగొచ్చిన ఆడవాళ్లు పాతికమంది నిలబడి ఉన్నారు. వాళ్లను దాటుకుని లోపలికి వెళ్లాం.

"ఇదేంటిది, కాగితమా, చొక్కానా?" అన్నాడు అధికారి.

"రాత మీదే. కుట్టు మాత్రం మాది," అంది వదిన.

ఆయన చదివాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"అది చెత్త సంగతి. ఇది ఓటు."

"చెత్త వేస్తే నేను వాణ్ణే, ఓటు వేస్తానంటే కానా? ఏదైనా వెయ్యడమేగా!"

"ఆ తీర్పు పొరపాటై ఉండొచ్చు," అని గొణిగాడు.

"అయితే నేను ఊడ్చిన మూడు రోజులూ మీరు ఊడ్చండి. చీపురు కొట్లోనే ఉంది. రేపు పొద్దున పంపించనా?"

వరండాలో నవ్వులు గుప్పుమన్నాయి. ఆయన గడియారం చూశాడు, తలుపు చూశాడు, చివరికి పుస్తకం తెరిచాడు. నాలుగు వందల పన్నెండో వరుసలో మా వదిన పేరు పడింది. పైన ఉన్నవాళ్లంతా మగవాళ్లే. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

ఆయన కాగితాన్ని సొరుగులో పెట్టబోయాడు. వదిన చేయి అడ్డం పెట్టింది.

"నమూనా మా దగ్గరే ఉండాలండీ. ఇంకా చాలామందికి పనికొస్తుంది." దాన్ని నా చేతికిచ్చి, "ఈసారి కత్తెర పెట్టావంటే చూడు!" అంది.

నేను దాన్ని మళ్లీ ఆయన ముందే పరిచాను.

"ఇప్పుడేగా చూశాను!"

"ఆమె కోసం చూశారు. ఇప్పుడు నా కోసం చూడండి," అన్నాను.

ఐదు కావడానికి ఇంకా రెండు నిమిషాలున్నాయి. బంట్రోతు తలుపు వేయడానికి లేచాడు. తలుపు మీద అంటించిన ప్రకటనను వదిన పైకి చదివింది: "ఐదు గంటలలోపు గదిలోనికి వచ్చిన ప్రతివాని పేరును వ్రాయవలెను."

చదివి, వరండాలోకి తల పెట్టి గట్టిగా కేకేసింది.

"ప్రతివాడూ లోపలికి రావాలి!"

పాతికమంది ఆడవాళ్లూ లోపలికి వచ్చారు.