మౌలాలీ గాలానికి నల్లపోగు

దూదేకుల మౌలాలీకి కంట్లో శుక్లం పడింది. నరసరావుపేట డాక్టరు టార్చిలైటు వేసి చూసి, "ఇంకా ముదరలేదయ్యా, ముదిరాక రా, ఆపరేషన్ చేద్దాం" అన్నాడు. ముదరటానికి అదేమన్నా వంకాయా! ఆరునెల్లు పట్టచ్చు, ఏడాది పట్టచ్చు. అందాకా లోకమంతా పొయ్యి పొగలోంచి చూసినట్టే.

దూది ఏకటానికి కళ్ళతో పెద్ద పనిలేదు. దూది ఎంత విడిందో ఏకే వింటి నారి మోతే చెబుతుంది. ఆయన దిగులంతా నాగులేటి మీద. కారంపూడి దాటాక ఏరు రాళ్ళమీదుగా పారే చోట సాయంత్రం గాలం వెయ్యకపోతే ఆయనకి అన్నం సయించదు. వెయ్యటానికి చెయ్యి చాలు. చేప ముట్టిందో లేదో తెలియటానికి మాత్రం కన్ను కావాలి. దారానికి కట్టిన జీలుగు బెండు చిటుక్కున మునిగినప్పుడు లాగాలి. ఆ మునగటమే ఆయనకి కనపడటంలా.

ఇంక ఎవరు చూస్తారయ్యా అంటే, ఐజాక్. మాచర్ల బస్సుల్లో కండక్టరు చేసి రిటైరైన మనిషి, ఎదురిల్లు. మతాలు వేరైనా వరస మాత్రం బావా అంటే బావా. భార్య పోయిన కాణ్ణించి పొద్దు వాలితే చాలు, మౌలాలీ వెనకాలే ఏటికొచ్చి తువ్వాలు పరుచుకుని కూచుంటాడు. పురుగును గుచ్చటమంటే ఒళ్ళు జలదరిస్తుంది గనక గాలం ముట్టడు. బెండు మునిగితే మాత్రం "రైట్!" అని ఒక్క కేక వేస్తాడు. అవతలి గట్టున మేసే గొడ్లు కూడా తలెత్తి చూడాల్సిందే.

కేకకేం లోటులేదు, అదునే లేదు. అందరూ ఎక్కారో లేదో చూసుకుంటే గానీ రైటు చెప్పని అలవాటాయె! ఈలోగా చేప పురుగును మింగి పక్క మడుగులోకి పోయుంటుంది.

"బస్సెళ్ళిపోయాక రైటంటావేంది బావా!" అని మౌలాలీ కసురుకుంటాడు.

"నేను బానే చెప్పా. నీ చెయ్యి లేవలా" అంటాడు ఐజాక్.

ఇట్టా లాభం లేదనుకున్నాడు మౌలాలీ. ఆపరేషనుకు పోయేలోగా ఒక్క చేపనన్నా తన చూపుతో తాను పట్టాలి. పట్టలేకపోతే గాలం కర్ర చూరులో దోపేసి మళ్ళీ ముట్టనని భార్య హజ్రా బీ ముందు అనేశాడు కూడా.

"మంచిదే. నూనె మిగులుద్ది" అంది ఆమె.

పెద్ద బెండు కడితే కనపడదా అంటారేమో. కట్టాడు. అది టప్పున పడేసరికి మోకాల్లోతు నీళ్ళల్లో చేపలన్నీ చెల్లాచెదురు. ఒకటీ అరా ముట్టినా, బెండు బరువు తగిలి పురుగును ఉమ్మేసి పోయాయి. అంటే కంటికి పెద్దగా ఉండాల, నీటికి తేలిగ్గా ఉండాల. అట్టాంటిది లోకంలో ఏముంది?

ఏముందేంది, దూది! తాతల నాటినుంచీ ఇంట్లో ఎగిరేది అదే గదా. ఇన్నాళ్ళూ తట్టనందుకు మౌలాలీ తొడ చరుచుకున్నాడు. మేలైన దూదిని మబ్బుపింజ అయ్యేదాకా ఏకి, దారానికి జారుముడి వేసి, ఆ ఉచ్చులో రేగుపండంత దూది దూర్చి బిగించాడు. విసిరితే చప్పుడే లేదు, మెత్తగా వాలింది. "అద్గదీ!" అన్నాడు మౌలాలీ. ఆ మాట నోట్లో ఉండగానే దూది కడుపునిండా నీళ్ళు తాగి పేలికలాగా అడుక్కి పోయింది.

"రైట్!" అన్నాడు ఐజాక్. లాగితే చేపా లేదు, గీపా లేదు. "వొట్టి దూదే బావా" అని పొట్టపట్టుకుని నవ్వాడు. గాలిలో తేలేది నీళ్ళల్లో కూడా తేలుతుందనుకోవటం దూదేకే ఇంట్లో పుట్టినవాడికే చెల్లింది!

మర్నాడు దూదికి ఆముదం పట్టించాడు. తేలింది, నిజమే. కాని రాళ్ళకాడ నురగ కూడా తెలుపే గదా. నురగ చితికినప్పుడల్లా దూదే మునిగిందనుకుని లాగి లాగి భుజం నొప్పెట్టింది. ఆ తర్వాత హజ్రా బీ గుమ్మానికి అల్లిన తోరణంలోంచి ఎర్ర ఊలు పోగు దొంగిలించాడు. అది నీడపట్టున కనపడింది గానీ, ఎండ వాలి నీళ్ళు తళతళలాడేసరికి ఆ మెరుపులో కలిసిపోయింది. తోరణం సంగతి బయటపడ్డాక ఇంట్లో తినాల్సిన చీవాట్లన్నీ తిన్నాడు.

చిత్రమేమంటే, ఈ గొడవలో పడి మనిషికి సగం దిగులు పోయింది. ఏ పోగు చూసినా ఇది తేలుద్దా, మునుగుద్దా అన్న ధ్యాసే. జనపనార, కొబ్బరిపీచు, కోడి ఈక, అన్నీ తెచ్చి చెంబులో వేసి గుడ్లప్పగించి చూసేవాడు. "ఆ చెంబుతో మనుషులు నీళ్ళు తాగాలయ్యా!" అని హజ్రా బీ నెత్తి కొట్టుకుంది.

ఇంతలో ఒకరోజు ముసురు పట్టింది. గొర్రెలు కాసే యల్లమంద గొంగడి కప్పుకుని వచ్చి మౌలాలీ చూరుకింద నిలబడ్డాడు. మౌలాలీ మాట్లాడుతూ మాట్లాడుతూ అతని భుజం తడిమాడు. గొంగడి మీద నీటిబొట్లు ఎక్కడివక్కడ నిలిచి ఉన్నాయి. కిందికి చెయ్యి పెడితే పొడిపొడి.

"ఇది నీళ్ళు పీల్చదేందిరా యల్లమందా?"

"గొర్రెకు గొడుగెవరు పడతారు మావా? దాని జిడ్డే దానికి గొడుగు."

"ఒక పోగివ్వరా."

"దూదేకే ఇంట్లో గొర్రెబొచ్చుతో పనేంది నీకు?"

ఆ మాట చురుక్కుమంది. దూదిలో ఒక్క వెంట్రుక కలిసినా బేరం చెడుతుందని వాళ్ళ నాన్న బొచ్చును గడప తొక్కనిచ్చేవాడు కాదు. కాని ఆశ ఊరుకుంటుందా! మౌలాలీ చెయ్యి చాపాడు. యల్లమంద గొంగడి అంచున వేలాడే నల్లపోగు పుటుక్కున తెంపి ఆ చేతిలో పెట్టాడు.

వాన వెలిసి ఏరు తేటపడ్డాక బయల్దేరారు ఇద్దరూ. మౌలాలీ గట్టున కూచుని పోగు పురి విప్పి, వేళ్ళతో దువ్వి ఉబ్బించి, జారుముడిలో బిగించి, అంచులు కత్తిరించాడు. ముడిని పైకి జరిపి, గాలానికీ దానికీ మధ్య తొడలోతు దారం వదిలాడు.

"నీళ్ళు మోకాల్లోతే గదా?" అన్నాడు ఐజాక్.

"పారే నీళ్ళు బావా. దారాన్ని ఏటవాలుగా ఈడుస్తాయి. కాస్త ఎక్కువుంటేనే పురుగు అడుక్కి చేరుద్ది."

రాతికింద దొరికిన పురుగును గుచ్చి విసిరాడు. మెరిసే నీళ్ళమీద, పాలల్లో పడ్డ ఈగలాగా, నల్లచుక్క. కనపడుతోంది! "మాట్లాడబాక బావా, మాట్లాడబాక" అన్నాడు, ఐజాక్ నోరు తెరవకపోయినా. చుక్క మెల్లగా జారుతూ జారుతూ ఒక రాయి పక్కన ఆగింది. నీళ్ళు పోతున్నాయి, చుక్క పోవటంలా. లాగాడు.

"రైట్!" అన్నాడు ఐజాక్. అప్పటికే అరచెయ్యంత చేప గట్టుమీద ఎగిరెగిరి పడుతోంది.

"చూశా బావా! నా కళ్ళతో నేనే చూశా!" మౌలాలీకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఐజాక్ గట్టిగా వాటేసుకుని వీపు చరిచాడు. చేపను తడిగుడ్డలో చుట్టాడు. మౌలాలీ మళ్ళీ పురుగును గుచ్చుతుంటే, లేచి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఇంకేం బావా, నీకే కనపడుతోంది. రేపటినించి నేను రాకపోయినా పర్లేదులే. ఇంటికాడ పడుంటా."

ఇంటికాడ ఏముంది ఆయనకి? తాళం తీసుకుని లోపలికి పోయి, దీపం వేసుకోవటమే. మౌలాలీ గాలం విసిరాడు.

నల్లచుక్క రెండు రాళ్ళ మధ్య వాలింది. వాలీ వాలగానే గభాల్న మునిగింది. ఇందాకటి దానికి రెట్టింపుంటుంది, ఆ లాగుడే చెబుతోంది. మౌలాలీకి తేటగా కనపడింది. చెయ్యి దురద పెట్టింది. పళ్ళు బిగపట్టి, కర్రను కదలనివ్వలేదు.

"బావా, చుక్క ఎటుపోయింది? ఈ మెరుపుకి నాకు కనపడటంలా!"

ఐజాక్ గిరుక్కున తిరిగాడు. నుదుటికి చెయ్యి అడ్డంపెట్టి, ముందుకు వంగి, ఈ రాయికాడా ఆ రాయికాడా వెతికి వెతికి, "రైట్! రైట్!" అని ఏరు దద్దరిల్లేలా అరిచాడు.

మౌలాలీ లాగాడు. ఖాళీ గాలం గాలిలో ఊగుతూ వచ్చింది.

"అయ్యో, పోయింది గదా" అన్నాడు ఐజాక్, తువ్వాలు మళ్ళీ పరుస్తూ.

"నువ్వు అటు తిరిగుంటే పోదా మరి? కూచో" అన్నాడు మౌలాలీ. "రేపు కాస్త పెందలాడే రా బావా."