నాలుగు వెడల్పు కుర్చీలు

మా ఊరికి కరెంటు స్తంభాలు పాతిన ఏడాది, అంటే అరవై ఒకటిలో, మగ్దలీనమ్మ నా కొట్టానికి వచ్చి భోజనాల బల్ల చెయ్యమంది. అప్పటికి ముప్పై ఏళ్ళుగా బండి చక్రాలు, నాగళ్ళు, ద్వారబంధాలు చేస్తూ వచ్చినవాణ్ణి. పాడె తప్ప కొయ్యతో చేసేదేదైనా నా చేతుల మీదుగా పోయిందని గొప్పలు చెప్పుకునేవాణ్ణి. బల్ల మీద అన్నం తినే మనిషిని మాత్రం అంతవరకూ చూడలేదు.

నా పేరు కామాక్షయ్య. కోపిష్టినని ఊళ్ళో పేరుంది, అది అబద్ధమేమీ కాదు. కొలత చెప్పకుండా "ఏదో ఒకటి చేసిపెట్టు ఆచారీ" అనేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నా భార్య చెంచులక్ష్మి పోయి పదకొండేళ్ళయింది. పిల్లలు లేరు. ఆమె ఉన్నన్నాళ్ళూ కూరలో ఉప్పు దగ్గర రోజూ పోట్లాడేవాణ్ణి. ఆమె పోయాక పొద్దున్నే ఇంత అన్నం, ఒక కూర నేనే వండుకుని రెండు పూటలా అదే తింటున్నాను. మేము ఒకరి చేతి కూడు తినం. మా తాత తినలేదు, మా నాయన తినలేదు. ఎవరింట్లోనైనా పని పూర్తయితే వాళ్ళు బియ్యం, పప్పు, కూరగాయలు స్వయంపాకమని ఇస్తారు. తెచ్చుకుని మా పొయ్యి మీద మేమే వండుకోవాలి. అదీ పద్ధతి.

మగ్దలీనమ్మ నెల్లూరులో ఒక ఆస్పత్రిలో ముప్పై రెండేళ్ళు నర్సుగా చేసి, పుట్టిన ఊళ్ళోనే ఉందామని వచ్చింది. ఊరి చివర, సముద్రం వైపు ఇసకదిబ్బ పక్కన రెండు గదుల పెంకుటిల్లు వేసుకుంది. పెళ్ళి చేసుకోలేదు. ఎవరికి జ్వరం వచ్చినా, ఎవరింట్లో కాన్పు కష్టమైనా అందరూ ఆమె కోసమే పరుగెత్తేవాళ్ళు. ఆమె ఇంట్లో గుక్కెడు మంచినీళ్ళు తాగేవాళ్ళు మాత్రం లేరు. ఊరి బయట పాలెంలో ఆమె అయినవాళ్ళున్నారు. వాళ్ళు వస్తారు గాని, దొరసాని అయిపోయిందని గడప దగ్గరే గొంతుక్కూర్చుని నాలుగు మాటలు మాట్లాడి పోతారు. ఊరికేమో ఆమె తక్కువ, పాలేనికేమో ఎక్కువ. ఆ రెంటి మధ్యా ఆమె ఒక్కతే.

"ఎంతమందికమ్మా బల్ల?" అని అడిగాను.

"నలుగురికి. కుర్చీలు కూడా నాలుగు."

"ఇంట్లో ఉండేది మీరొక్కరే గదా!"

ఇంకొకరైతే ఆ మాటకు కోప్పడి ఉండేవాళ్ళు. ఆమె నా చిత్రిక తీసి చేత్తో నిమిరి మళ్ళీ అక్కడే పెట్టింది.

"ముప్పై రెండేళ్ళు నిలబడే తిన్నాను ఆచారీ. మందుల గదిలో ఒక మూల, గిన్నె చేత్తో పట్టుకుని. ఇంక ఉండేన్ని నాళ్ళు ఎదురుగా ఒక మనిషిని కూర్చోబెట్టుకుని తినాలని ఉండాది. అంతకు మించి నాకు కోరికేం లేదు."

"దానికి బల్లెందుకు? చాపేస్తే చాలదా?"

"చాపేస్తే పంక్తి అవుతుంది. ఎవరి పక్కన ఎవరు అని వస్తుంది. బల్లకి పంక్తి లేదు గదా? కొత్త వస్తువు. దానికింకా ఎవరూ నియమాలు పెట్టలేదు."

తెలివైన మనిషే అనుకున్నాను. ఆ మాట నాకు చాలా నచ్చింది.

గూడూరులో ఒక పాత బంగళా పడగొడితే వచ్చిన టేకు దూలాలు ఆమే తెప్పించి ఇచ్చింది. పాత టేకు మీద చిత్రిక పడుతుంటే వచ్చే వాసన నాకు అన్నం కంటే ఇష్టం. బల్ల కొలతలు ఆమె ఏదో పుస్తకంలో బొమ్మ చూసి కాగితం మీద గీసి ఇచ్చింది. కుర్చీలకు మాత్రం కొలత ఇవ్వలేదు. "భోజనానికి కూర్చునేవి" అని ఊరుకుంది. మామూలుగా అయితే అక్కడే తగువు పెట్టుకునేవాణ్ణి. ఎందుకో ఆమెతో పెట్టుకోలేకపోయాను.

అంతకుముందు కుర్చీలు చెయ్యలేదని కాదు. మునసబుగారికి చేశాను, బడి పంతులుకు చేశాను. అవి కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చునే కుర్చీలు. అన్నం ముందు అట్లా కూర్చునేదెవరు? కాళ్ళు వేలాడేసి తింటే తిన్నది వంటబట్టదని మా అమ్మ వీపు మీద కొట్టి చెప్పేది. భోజనం కుర్చీ అంటే బాసింపట్టు వేసుకుని కూర్చోవడానికి వీలుండాలి. నేల మీద కూర్చుని, రెండు మోకాళ్ళ అవతలా గీత గీసి చూసుకున్నాను. ఇరవై ఎనిమిది అంగుళాలు వచ్చింది. పీట వెడల్పూ లోతూ అంతే పెట్టాను. మోకాళ్ళకు తగలకుండా కుర్చీకి చేతులు పెట్టలేదు. ఇంత సులువైన సంగతి ఆ పుస్తకాల వాళ్ళకు ఎందుకు తోచలేదా అని నవ్వుకున్నాను కూడా.

రెండు నెలలు పట్టింది. ఒక్క మేకు కొట్టలేదు. కొయ్య కొసలకు కూసాలు చెక్కి, బెజ్జాల్లో దించి, పాలిష్ అయిదుసార్లు పట్టించాను. బండి మీద వేసుకుపోయి ఆమె ఇంట్లో దించి, బల్ల చుట్టూ సర్ది, చేతులు తుడుచుకుని నిలబడ్డాను.

మగ్దలీనమ్మ ఒక కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుంది. పీట లోతుకి ఆమె కాళ్ళు నేలకు అందలేదు సరికదా, మోకాళ్ళ దగ్గర వంగనైనా లేదు. చేటలో పడుకోబెట్టిన చంటిబిడ్డకు మాదిరి రెండు పాదాలూ ముందుకు చాచుకుని ఉన్నాయి. ఆమె తన పాదాలు చూసుకుని నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆమె నవ్వగా నేను చూడడం అదే మొదలు.

"ఇది కుర్చీనా, మంచమా ఆచారీ?"

నాకు తల కొట్టేసినట్టయింది. "బాసింపట్టు వేసుకోండమ్మా, అప్పుడు తెలుస్తుంది!" అని కసిరాను.

ఆమె కాళ్ళు మడుచుకుని కూర్చుంది. మోచేతులు బల్ల మీద సరిగ్గా ఆనాయి. కాసేపటికి నవ్వు మాని, "మీరు చేసిందే సరి. ఊళ్ళోవాళ్ళు కాళ్ళు వేలాడేసి తినలేరు. ఇట్టా అయితే ఇబ్బంది పడకుండా కూర్చుంటారు" అంది.

అప్పుడే లోపలి నుంచి పప్పు తాళింపు వాసన వచ్చింది. ముద్దపప్పు, దోసకాయ కూర, చారు. మా ఇంట్లో నీచు ముట్టరని ఎవరినో అడిగి తెలుసుకుందట, ఆ రోజు చేపలు వండలేదు. రెండు కంచాలు తెచ్చి ఎదురెదురుగా పెట్టింది.

"మొదటి ముద్ద చేసిన చేత్తోనే తినాల. కూర్చోండి."

నేను గుమ్మం వైపు చూశాను. "మేము ఒకరి చేతి కూడు తినమమ్మా. స్వయంపాకం ఇప్పించండి, పోతాను."

ఆమె ఒక కంచం తీసి లోపల పెట్టింది. చేటలో బియ్యం కొలిచి, పప్పు, రెండు వంకాయలు పెట్టి తెచ్చి నా తుండుగుడ్డలో పోసింది. ఒక్క గింజ కింద పడకుండా పోసింది. దారి పొడవునా ఆ మూట నాకు బరువుగానే ఉంది. అయినా తప్పు చేశానని ఆ రోజు అనుకోలేదు.

నెల తర్వాత మా ఊరి రైతు పద్మనాభయ్యగారు బండి ఇరుసు చూపించుకోవడానికి వచ్చారు. ఆయన కూతురు కాన్పులో పోవలసింది, మగ్దలీనమ్మ బతికించింది. ఆ చనువుతో దంపతులిద్దరినీ ఆమె భోజనానికి పిలిచింది.

"చూసొచ్చినాం ఆచారీ. బల్ల బ్రహ్మాండంగా చేసినావు" అన్నారాయన.

"కూర్చున్నారా?"

"కూర్చోవడం ఏందయ్యా! కూర్చుంటే ఏదో ఒకటి పెడుతుంది. ఎట్టా వద్దనేది? నిలబడే పొగిడి వచ్చేసినాం."

"నేను చేసింది కూర్చోడానికి, దణ్ణం పెట్టి రావడానికి కాదు" అని ఇరుసు మీద బాడిస దెబ్బ గట్టిగా వేశాను. గురివిందకు తన కింది నలుపు తెలియదంటారు. ఆయన వెళ్ళిపోయాక, రెండో కంచం లోపల పెట్టించింది ఎవరో గుర్తొచ్చింది. ఇరుసు అక్కడే వదిలేసి కూర్చున్నాను.

వానలు వెనకబట్టాక ఆమె దగ్గర్నుంచి కబురు వచ్చింది, ఒక కుర్చీ కిర్రుమంటున్నదని. నా పనికి కిర్రు రావడమా అని చిరచిరలాడుతూ పోయాను. కుర్చీలు నాలుగూ తిరగేసి చూశాను. కొయ్య అబద్ధం చెప్పదు. మూడు కుర్చీల పాలిష్ నేను పట్టించిన రోజు ఎట్లా ఉందో అట్లాగే మెరుస్తోంది. నాలుగోదానికి పీట మధ్యలో రంగు పోయి తెల్లబడింది. కిర్రుమంటున్నది అదే. ఆరు నెలల్లో ఆ బల్ల దగ్గర కూర్చున్నది ఒకే ఒక మనిషి, ఒకే కుర్చీలో.

కొయ్య చీల దిగ్గొట్టి సరిచేశాను. చేతుల పని అయ్యాక నోరు కూడా ఊరుకోవచ్చు గదా. అలవాటు కొద్దీ సలహా చెప్పాను.

"రోజుకొక కుర్చీ మార్చి కూర్చోండమ్మా. అప్పుడు నాలుగూ ఒక్క తీరుగా అరుగుతాయి."

మగ్దలీనమ్మ కిటికీ దగ్గర నిలబడి ఉంది. "నాలుగింటిలోనూ నేనే కూర్చోవాల్నా ఆచారీ?" అని అడిగింది. ఎత్తిపొడుపుగా అనలేదు. మందు ఎన్ని పూటలు వెయ్యాలని అడిగినట్టే అడిగింది.

ఇంటికొచ్చి అన్నం పెట్టుకున్నాను. మా ఇంట్లో రెండు పీటలున్నాయి. చెంచులక్ష్మి పీట గోడకు తగిలించి ఉంది. ఎప్పుడూ ఆ గోడ వైపే తిరిగి తింటాను. నేను ఒంటరివాణ్ణని ఆ పదకొండేళ్ళలో ఎవరితోనూ అనలేదు, నాతో నేను కూడా అనుకోలేదు. ఆ పూట అనుకున్నాను. ఒకరి చేతి కూడు తినవద్దన్నాడు మా తాత. మన కూడు ఎక్కడ కూర్చుని తినాలో చెప్పలేదు. చెప్పాడేమో, నాకు గుర్తులేదు. గుర్తు చేసుకోదలచుకోలేదు కూడా.

అమావాస్యనాడు మేము ఉలి ముట్టం. ఆ రోజు అన్నం, వంకాయ కూర వండి, ఇత్తడి గిన్నెలో సర్ది, తుండుగుడ్డలో మూట కట్టి మిట్టమధ్యాహ్నం బయలుదేరాను. పద్మనాభయ్యగారు అరుగు మీద ఉన్నారు.

"ఏంది ఆచారీ, అమావాస్యనాడు కూడా పనా? ఎందాకా?"

"నర్సమ్మగారింటికి. భోజనానికి" అన్నాను. అరుగు మీద ఉన్న అందరికీ వినబడేటట్టే అన్నాను. రేపు మా వాళ్ళు నన్ను ఏమంటారో నాకు తెలుసు. ఇసకలో కాళ్ళు కాలుతున్నా ఆగకుండా నడిచాను.

మగ్దలీనమ్మ అప్పుడే కంచం ముందు కూర్చుంది, ఆ తెల్లబడ్డ కుర్చీలోనే. నన్ను చూసి లేవబోయింది.

"కూర్చోండమ్మా. నా కూడు నేను తెచ్చుకున్నా" అని ఎదురు కుర్చీలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. ఇరవై ఎనిమిది అంగుళాలు నాకు సరిగ్గా సరిపోయాయి.

ఆమె చేపల పులుసు గిన్నె తీసి బల్ల ఆ చివరకు జరిపి మూత పెట్టింది. ఇద్దరం తింటున్నాం. బయట సముద్రం హోరు వినబడుతోంది. నాకు తల ఎత్తాలంటే బెరుకుగా ఉంది. సగం అన్నం అయ్యాక ఆమె గొంతు సవరించుకుంది.

"మీ కూర రవ్వంత పెడతారా? నాకు పట్టింపులేం లేవు."

ఆమె కంచం అంచున రెండు ముక్కలు పెట్టాను. కలుపుకుని ఒక ముద్ద తిని, నా వైపు చూసింది.

"ఉప్పు చాల్లేదు ఆచారీ."

పదకొండేళ్ళు. రెండు పూటలా నా వంట నేనే తిన్నాను. ఉప్పు చాల్లేదని చెప్పే మనిషి ఎదురుగా లేడు. ఆమె ఉప్పు గిన్నె నా వైపు జరిపింది. కళ్ళలో నీళ్ళు ఆమెకు కనబడకుండా వంగి చిటికెడు తీసుకుని అన్నంలో కలుపుకున్నాను.

"వచ్చే అమావాస్యకి సరిగ్గా వేసుకొస్తాలేమ్మా" అన్నాను.