గోడ మీద నిద్రపోయిన రూత్

దగ్గరికి రండి పిల్లలూ. ఆ గుమ్మం దగ్గర కూర్చున్న ఇద్దరు కూడా ఇటు జరగండి. ఇది గొంతెత్తి చెప్పే కథ కాదు. చాప చాలకపోతే ఒకరి మోకాలు ఒకరికి తగిలినా ఏం కాదు, సర్దుకోండి. ఆ, ఇక వినండి.

ఇబ్రహీంపట్నంలో రూత్ అని ఒక మేడం ఉండేది. ఊరి బయట మందుల చదువు చెప్పే కాలేజీలో పాఠం చెప్పేది. పొద్దున ఏడున్నరకల్లా టిఫిన్ సంచిలో పెట్టుకుని, నీళ్ల సీసా చంకన పెట్టుకుని బస్టాండుకు బయల్దేరేది. ఆమె ఇంటి నుంచి బస్టాండుకు నడిస్తే అయిదు నిమిషాలు. ఆమెకు మాత్రం పావుగంట పట్టేది. నేరుగా పోయే బజారులో కిష్టా మందుల దుకాణం ఉంది. ఆ బజారు ఆమె తొక్కేది కాదు. ఎండ అయినా బురద అయినా కూరగాయల మార్కెట్ వెనక నుంచి చుట్టు తిరిగే పోయేది.

ఒక్కసారి, చాలా ఏండ్ల కింద, బస్సు తప్పిపోతుందని ఆ బజారు మీదుగా ఉరికింది. ఆమె దుకాణం ముందుకు రాగానే లోపల గోడ మీది ఫోటో ఒక కన్ను తెరిచింది. కిష్టా కత్తెరతో గోళీల పట్టీ కత్తిరిస్తూ, తల ఎత్తకుండానే, "అక్క పోతున్నట్టున్నది" అన్నాడు. ఆమె దాటిపోగానే ఆ కన్ను మళ్లీ మూతపడింది.

ఆ ఫోటోల సంగతి మీకు తెలిసిందే. ప్రతి మందుల దుకాణంలో గోడకు అద్దాల పటం కట్టి ఒక సర్టిఫికెట్ ఉంటుంది. మందుల చదువు చదివి, హైదరాబాద్‌లోని మందుల మండలి పుస్తకంలో పేరు ఎక్కినవాళ్లకు ఇస్తారు దాన్ని. మూలన వాళ్ల ఫోటో. ఆ మనిషి దుకాణంలో ఉంటే ఫోటో మేలుకుని ఉంటుంది, లేకపోతే పడుకుంటుంది. కొన్ని గురక కూడా పెడతాయి. దాన్ని చూసే మండలివాళ్లు దుకాణాలు తనిఖీ చేసేది. చదువుకున్న మనిషి ఎక్కడో ఉద్యోగం చేసుకుంటూ, సర్టిఫికెట్ ఒక్కటి ఎవరికో ఇచ్చి గోడకు కట్టించడం పెద్ద తప్పు. మందు ఇచ్చేవాడికి మందు తెలియకపోతే ఎట్లా మరి? దుకాణాలవాళ్లు కూడా తక్కువవాళ్లు కాదు. ఫోటో కండ్ల మీద కుంకుమ బొట్టు పెట్టేవాడొకడు, మొహం కనపడకుండా బంతిపూల దండ వేసేవాడొకడు. కందుకూరులో ఒకాయన అయితే అద్దం మీద నల్లకండ్లద్దాలు గీసిపెట్టాడు.

కిష్టా దుకాణంలో పడుకున్న ఆ రెండు జడల పిల్ల ఎవరో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

పద్దెనిమిదేండ్ల కింద రూత్ చదువు అయిపోయి, ఇంకా పెళ్లి కాక, ఉద్యోగం దొరకక ఇంట్లో ఉన్నప్పుడు కిష్టా వచ్చి అడిగాడు. "అక్కా, నీ సర్టిఫికెట్ సందుగ పెట్టెల ఊకెనే ఉన్నది గదా. నా గోడకు కట్టుకుంట. నీకు కొలువు దొరికిన్నాడు తెచ్చిస్త." పక్కింటి పిల్లగాడు, తమ్ముడి లెక్క. ఇచ్చింది. కాలేజీలో కొలువు దొరికింది. పటం మాత్రం తిరిగి రాలేదు. అడిగితే "గీ నెల ఆగక్కా, సదువుకున్న పిల్లగాడొకడొస్తున్నడు" అనేవాడు. ఎండాకాలం రాగానే కోహెడ దిక్కు నుంచి తెప్పించిన మామిడిపండ్ల డబ్బా ఒకటి ఆమె గుమ్మంలో పెట్టి పోయేవాడు. పండ్లు తిన్న నోటితో గట్టిగా ఎట్లా అడుగుతుంది? ఊరుకుంది.

ఊరుకుంది గానీ, ఆమెకు నిద్ర లేదు. ఉన్న నిద్రంతా గోడ మీది రూతే పోతుంటే ఈమెకు ఏం మిగులుతుంది? మడత పెట్టిన చీరలే మళ్లీ విప్పి మడత పెట్టేది. క్లాసులో బెంచీల నడుమ తిరుగుతూనే పాఠం చెప్పేది. పిల్లలు ఆమెకు 'నడిచే మేడం' అని పేరు పెట్టుకున్నారు.

మంచి పాఠం చెప్పేది కాబట్టి, పుస్తకంలో పేరున్నవాళ్లందరూ కలిసి ఆమెను మండలికి సభ్యురాలిగా ఎన్నుకున్నారు. అక్కడి నుంచి కుదురు మరీ పోయింది. ప్రతి మంగళవారం ముగ్గురు సభ్యులు జీపులో తనిఖీకి పోవాలి. పెద్దాయన రఘునందన్, నోటీసు పుస్తకం ఆయన చేతిలోనే ఉంటుంది. రెండో ఆయన మల్లేశయ్య, సర్కారు దవాఖానలో మందులిచ్చి రిటైర్ అయినవాడు. మూడో మనిషి రూత్. ఏ ఊరికి పోవాలో ముందుగా ఎవరికీ తెలియకూడదని ఊర్ల పేర్లు చీటీల మీద రాసి పాత స్టీలు డబ్బాలో వేసేవారు. మల్లేశయ్య కండ్లు మూసుకుని ఒకటి తీసేవాడు. ఆయన చెయ్యి డబ్బాలో తిరుగుతున్నంతసేపు రూత్ గుండె కూడా అందులోనే తిరిగేది.

నేను చెప్పబోయే మంగళవారానికి ముందు నెల కందుకూరు చీటీ వచ్చింది. అక్కడొక దుకాణంలో ఫోటో పడుకుని ఉంది. చూస్తే రూత్ దగ్గర చదివిన వికాస్. పెద్ద అంబర్‌పేట్‌లో ఒక గోదాములో పని చేస్తున్నాడు. దుకాణపాయన ఫోన్ చేస్తే బండి మీద ఉరికొచ్చాడు. వాడు లోపల అడుగు పెట్టగానే ఫోటో లేచింది.

"మేలుకున్నది గదా మేడం" అన్నాడు దుకాణపాయన.

"మేం వచ్చినప్పుడు పడుకునే ఉండె" అన్నది రూత్.

వికాస్ ముందుకొచ్చాడు. "మనం లేని దుకాణంల మన పేరు ఉండొద్దని మీరే చెప్పిన్రు మేడం. తప్పు నాదే" అని తల వంచుకున్నాడు. ఏడాదిపాటు వాడి పేరు పుస్తకంలోంచి తీసేశారు. ఆ కాగితం మీద రూత్ సంతకం కూడా ఉంది. సంతకం చేసినప్పటి నుంచి ఆమెకు కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు పోవాలో తెలిసేది కాదు.

ఇక ఆ మంగళవారం. మల్లేశయ్య చీటీ విప్పి నవ్వాడు. "ఇబ్రహీంపట్నం. ఇయ్యాల మన రూతమ్మ ఇంట్ల చాయ్."

"చాయ్ ఒక్కటేనా? బువ్వ గూడ పెట్టాలె" అన్నాడు రఘునందన్.

పొద్దున బస్సులో హైదరాబాద్‌కు వచ్చిన దారినే జీపులో వెనక్కి పోతూ రూత్ ఫోన్ తీసింది. 'కిష్టా, పటం తీసెయ్' అని కొట్టింది. గోడకు పటమే లేకపోతే అక్కడికక్కడ దుకాణానికి తాళం వేస్తారు. కొట్టింది చెరిపేసింది. మళ్లీ కొట్టింది. మళ్లీ చెరిపింది. ఆలోచిస్తే భయపడాల్సిందేమీ లేదనిపించింది. పటం మీద ఉన్నది పెళ్లికి ముందటి ఇంటిపేరు. రెండు జడల పిల్లను చూసి ఎవరు పోల్చుకుంటారు? నోటీసు రాస్తే ఆ కాగితం సంతకానికి వచ్చేది మండలిలో తన బల్ల మీదికే. అడుగున పెట్టేస్తే సరి. తను దుకాణం దగ్గరికి పోకుంటే చాలు. పోతేనే ముప్పు. తనను చూడగానే ఆ పిల్ల కండ్లు తెరుస్తుంది.

జీపు కిష్టా దుకాణానికి కొంచెం ఇవతలే ఆగింది.

"నాకు జర తల తిరుగుతున్నది. మీరు చూసి రాండ్రి" అన్నది రూత్. మగవాళ్లిద్దరూ దిగిపోయారు. డ్రైవర్ చాయ్ కొట్టు దిక్కు నడిచాడు. ఆమె జీపులో అటు చివర కూర్చుంది, ఇటు చివరకు జరిగింది, కొంగు వేలికి చుట్టింది, విప్పింది.

అప్పుడే దుకాణం మెట్లు దిగి ఒక ముసలామె వచ్చింది. పేరు ఈదమ్మ. మెడలో నల్లదారానికి చిన్న సిలువ. రెండు చేతుల వేళ్లూ వాచి వంకర పోయి ఉన్నాయి. జీపు నీడకు నిలబడి, "బిడ్డా, సీసల నీళ్లుంటే జర పొయ్యి. గోళీ ఏసుకుంట" అంది.

రూత్ సీసా ఇస్తూ ఆ చేతిలోని పట్టీ చూసింది. చిన్న పసుపు గోళీలు.

"గివి ఎట్లెట్ల ఏసుకోమన్నడమ్మా?"

"రోజుకొకటి. నెలకు సరిపోను ఇచ్చిండు."

"డాక్టర్ చీటీ చూపియ్యి."

చీటీలో స్పష్టంగా ఉంది. వారానికి ఒకటి, ఆదివారం.

"అమ్మా, ఇది కీళ్లవాతం మందు. వారానికి ఒక్కటే ఏసుకోవాలె. రోజూ ఏసుకుంటే ఒంట్ల నెత్తురు పుట్టుడే ఆగిపోతది. పానం మీదికొస్తది."

ఈదమ్మ ఆమెను పైనుంచి కిందికి చూసింది. "నువ్వెవరు చెప్పనీకి? జీపుల కూసున్నోళ్లంత డాక్టర్లా?"

"నేను మందుల చదువు చదివిన."

"గట్ల మస్తుమంది చెప్తరు. లోపల గోడకు సదువుకున్న పిల్ల ఉన్నది, రెండు జడలేసుకొని. ఆ పిల్ల మొకం చూసే నేను గీ దుకాణానికొస్త. ఎప్పుడు చూసినా పండుకునే ఉంటది, పండుకోనీ. సదువుకున్న పిల్ల ఉన్న తాన తప్పు గోళీ ఇస్తరా?"

"ఇచ్చిన్రమ్మా."

"ఆ పిల్ల లేచి చెప్తె ఇంట. నువ్వు చెప్తె ఎందుకింట?" అంటూ ఈదమ్మ పట్టీ నొక్కి ఒక గోళీ అరచేతిలో వేసుకుంది.

రూత్ జీపు తలుపు తీసింది. ముసలామె చెయ్యి, గోళీతో సహా, గుప్పిట్లో పట్టుకుంది. "దా. ఆ పిల్లనే అడుగుదం."

లోపల రఘునందన్ పటం కిందే నిలబడి రాస్తున్నాడు. "ఈ పిల్ల ఏడున్నది?" అని కిష్టాను అడుగుతున్నాడు.

"గిప్పుడే చాయ్ తాగనీకి పోయింది సార్."

"పటం మీది దుమ్ము చూస్తే పోయి పదేండ్లయినట్టున్నది."

రూత్ గడప దాటింది. గోడ మీద ఒక కన్ను తెరుచుకుంది. రెండోది తెరుచుకుంది. ఫోటోలోని పిల్ల పెద్దగా ఆవులించి, ముందుకు పడిన జడ వెనక్కి వేసుకుని, గడప దగ్గరి మనిషిని చూసింది. ఇద్దరి గడ్డం మీదా ఒకే చోట పుట్టుమచ్చ.

"అగో, లేచింది" అన్నది ఈదమ్మ. ఫోటోను చూసింది, రూత్‌ను చూసింది, మళ్లీ ఫోటోను చూసింది. "నువ్వేనా బిడ్డా? మస్తు ముసలైనవ్."

"అవ్. నేనే."

"అయితే చెప్పు, ఇంట."

"చర్చికి పోయే నాడు ఒక్కటి. మిగిలిన ఆరు రోజులు గోళీ ముట్టొద్దు."

"గంతేనా? గదేదో ముందుగాల్నే లేచి చెప్తె అయిపోతుండె గదా" అంటూ ఈదమ్మ అరచేతిలోని గోళీ రూత్ చేతిలో పెట్టింది.

రఘునందన్ కలం ఆగిపోయింది. కిష్టా కత్తెర కింద పెట్టాడు. మల్లేశయ్య, ఎవరి మొహమూ చూడకుండా, మెల్లగా అన్నాడు. "ఫోటో మేలుకోనే ఉన్నది. మనిషి దుకాణంలనే ఉన్నది. రూలు ప్రకారం తప్పేమున్నది సార్? పుస్తకం మూయి. పోదం."

"అవ్ సార్, ఫోటో లేచే ఉన్నది గదా" అన్నాడు కిష్టా.

రఘునందన్ పుస్తకం సగం మూశాడు. రూత్ తల ఊపి ఉంటే అంతటితో అయిపోయేది. గోడ మీది పిల్ల రెప్ప వేయకుండా చూస్తోంది.

"మీరొచ్చినప్పుడు పండుకునే ఉండె గదా మల్లేశన్నా?" అన్నది రూత్.

మల్లేశయ్య రుమాలుతో పటం మీది దుమ్ము తుడవసాగాడు.

"వికాస్ ఫోటో గూడ వాడు ఉరికొచ్చినంక లేచింది. అయినా రాసినం." ఆమె చెయ్యి చాపి పుస్తకం తీసుకుంది. తన పేరు, నంబరు తానే రాసింది. 'పద్దెనిమిదేండ్ల నుంచి నిద్రలో ఉన్నది' అని రాసి కింద సంతకం పెట్టింది. ఆ తర్వాత కిష్టా వైపు తిరిగింది. "గీ పసుపు గోళీలు ఇంకెవరెవరికి ఇచ్చినవ్? పేర్లు చెప్పు."

"అక్కా, నా దుకాణం మూయిస్తున్నవ్" అన్నాడు కిష్టా.

"అవ్. పేర్లు చెప్పు."

ఇద్దరి పేర్లు చెప్పాడు. ముగ్గురు సభ్యులూ ఆ ఇద్దరి ఇండ్లకూ పోయి, గోళీలు వెనక్కి తీసుకుని, సంగతి చెప్పి వచ్చారు. అప్పటికి మధ్యాహ్నం దాటింది. చాయ్ సంగతి ఎవరూ ఎత్తలేదు.

పటం గోడ మీది నుంచి దింపి హైదరాబాద్‌కు తీసుకుపోవాలి కదా, రూత్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఊరు దాటక ముందే ఆమె తల కిటికీకి ఆనింది. నోరు తెరుచుకుంది. గురక మొదలైంది. ఒళ్లో పటంలోని పిల్ల మాత్రం కండ్లు ఇంతింత చేసుకుని, దారి పొడుగునా చెట్లనూ లారీలనూ చూస్తూ కూర్చుంది.

"గుంతలు చూసుకొని నడుపు" అన్నాడు మల్లేశయ్య డ్రైవర్‌తో. "పద్దెనిమిదేండ్ల నిద్ర."

మండలిలో ఆమె కుర్చీ పోయింది. కాలేజీ కొలువు పోయింది. వికాస్ పేరు తీసేసినట్టే ఆమె పేరు కూడా ఏడాది తీసేశారు. కిష్టా దుకాణానికి తాళం పడింది. ఆ ఏడాదంతా అతను ఆమెతో మాట్లాడలేదు, మామిడిపండ్లూ రాలేదు. ఆమె మాత్రం మార్కెట్ వెనక దారి మానేసి నేరుగా ఆ బజారులోనే నడిచింది.

ఏడాది తిరిగి పేరు మళ్లీ పుస్తకంలో ఎక్కిన రోజున, పటం చంకన పెట్టుకుని పోయి కిష్టా ఇంటి తలుపు తట్టింది. "తాళంచెవి తే. నీ దుకాణం నువ్వే నడుపు. మందు మాత్రం నేనిస్త" అన్నది. కిష్టా ఆమె చంకలోని పటం చూసి, లోపలికి పోయి తాళంచెవి తెచ్చాడు.

ఇప్పుడు పొద్దున తొమ్మిదింటి నుంచి ఆమె ఆ బల్ల వెనకే కూర్చుంటుంది. అవును, కూర్చుంటుంది, తిరగదు. పద్దెనిమిదేండ్లు నిద్రలో ఈడు పెరగని ఆ ఫోటో పిల్లకు కూడా రోజులు లెక్కకు వస్తున్నాయి. మొన్న పాపిట పక్కన ఒక తెల్లవెంట్రుక కనపడింది. ఈదమ్మ ప్రతి ఆదివారం చర్చి నుంచి నేరుగా అక్కడికే వచ్చి, గోళీ నాలుక మీద పెట్టుకుని, ముందు ఫోటోకు చూపించి, తర్వాత రూత్‌కు చూపించి, అప్పుడు నీళ్లు తాగుతుంది.

అంతే పిల్లలూ. లేవండి, చాప చుట్టండి. మీ అమ్మలు రొట్టెలు చేసి ఎదురుచూస్తుంటారు, వేడి మీద తినండి. తిన్న తర్వాత మీ నాయనమ్మ గోళీల చీటీలో ఏం రాసి ఉందో, ఆమెకు అక్షరం అక్షరం చదివి వినిపించండి.