వెనకాల ఏముంది

నూనె గుడ్డతో రీమర్ అంచులు తుడిచి, కిటికీ వెలుతురుకు ఎత్తి చూసి, ఎలియాజరు దాన్ని పెట్టెలో పెట్టాడు. రెండోది తీశాడు. రీమరంటే జానెడు పొడవు కూడా లేని ఉక్కు పనిముట్టు. తుపాకి గొట్టం వెనక కొసన తూటా కూర్చునే గదిని తొలిచేది అదే. ఏ తూటాకు ఆ రీమరు. ఒకసారి తొలిచాక గది పెద్దదే గాని మళ్ళీ చిన్నది కాదు. కోసిన ఇనుమును వెనక్కి అతికించే మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు.

ఆ రెండూ అద్దెకు తెచ్చినవి. ఐదింటికి కొరియర్ బండి వస్తుంది, వాటిని పంపేయాలి. ఆల్బర్టాలో ఇంకెవరో వాటికోసం కాచుకుని ఉన్నారు. బల్ల మీద రెండు కొత్త గొట్టాలు, పెద్ద తూటాకొకటి, చిన్నదానికొకటి, వాటి పక్కన ఆర్డరు కార్డు. కార్డులో అన్నీ రాసి ఉన్నాయి, 'తూటా' అన్న చోట తప్ప. ఏ తూటానో తొమ్మిదింటికి వచ్చి చెబుతానన్న కస్టమర్ పాండురంగ పదకొండైనా రాలేదు.

ఎలియాజరుకు అరవై మూడేళ్ళు. పొట్టి మనిషి. ఎడమచేతి బొటనవేలి గోరు ఎప్పుడో నలిగి నల్లగా ఉండిపోయింది. కాకినాడలో లేతు మిషను పని నేర్చాడు, దేశం దాటి సార్నియా వచ్చి ఒక ప్లాంటులో చేశాడు, అక్కడ మనుషుల్ని తగ్గించినప్పుడు ఊరి బయట ఈ తుపాకుల వర్క్‌షాపులో చేరాడు. అప్పటినుంచి ఇరవై రెండేళ్ళు. ఇన్నేళ్ళలో ప్రాణమున్న దేనిమీదా ఒక్క గుండు పేల్చలేదు. ఆదివారం చర్చిలో కుర్చీలు వేసే ఆయనగా అందరికీ తెలుసు, పేరు మాత్రం కొందరికే తెలుసు. నోట్లో నాలుక లేని మనిషని భార్య సంతోషకుమారి అంటుంది. అది నిజమే, ఒక్క విషయంలో తప్ప.

ఫోను మోగింది. సంతోషకుమారే.

"ఏమండీ, రెండింటికి డాక్టరు అపాయింట్‌మెంటు గుర్తుందా? రాత్రంతా గుండె పట్టుకుని కూర్చున్నారు."

"గ్యాసే, సంతోషం. మందు మింగాను, తగ్గింది."

"తగ్గితే మాట అలా ఎందుకుంది?"

"ఈ బ్యారెల్ అయిపోతే వచ్చేస్తాలే" అన్నాడు. తగ్గలేదని ఆయనకు తెలుసు. చొక్కా లోపల ఎవరో అరచేయి పెట్టి నొక్కుతున్నట్టే ఉంది. కానీ మొగుడు చెప్పిన మాట నమ్మడం ఆవిడకు ముప్పై ఐదేళ్ళ అలవాటు.

పాండురంగ పన్నెండింటికి వచ్చాడు. నలభై దాటిన మనిషి, కరీంనగర్ వైపు వాడు. ఇక్కడికి అరగంట దూరంలో మేకలు పెంచి స్కార్‌బరోలోని మాంసం కొట్లకు పంపుతాడు. తోడేలు జాతి కొయోటీలు వాటిమీద పడుతున్నాయి. బూట్లకు బురద, కళ్ళకింద నిద్రలేమి. వచ్చీ రాగానే పెద్ద గొట్టం మీద చెయ్యేశాడు.

"ఇదే, అంకుల్. సిక్స్ పాయింట్ ఫైవ్. ఇగ ఆలోచించేది లేదు."

"కొయోటీకి అంత బరువైన గుండు ఎందుకండీ?"

"ఎందుకా? నిన్న పాలిచ్చే తల్లిమేకను తినిపోయినయి. పిల్లలు రెండు దాని పక్కనే నిలబడ్డయి. పొద్దుగాల నేను పోయేదాంక అట్లనే నిలబడున్నయి." పాండురంగ కిటికీ బయటికి చెయ్యి చాచాడు. "నాలుగొందల మీటర్ల అవతల కంచె దగ్గర కూసుంటయి. గాలికి పక్కకు పోవద్దు. యూట్యూబ్‌ల అందరు ఇదే చెప్తున్రు."

కస్టమర్ ఎంచుకుంటాడు, మనం కోస్తాం. అది షాపు యజమాని మాట. ఎలియాజరు కూడా ఆ మాట మీదే బతికాడు, పదకొండేళ్ళ కిందటి వరకు.

"దాని వెనకాల ఏముంది?" అని అడిగాడు.

"దేని వెనక?"

"మీరు కొట్టే జంతువు వెనకాల. కంచె అవతల."

పాండురంగ గొట్టం మీంచి చెయ్యి తీశాడు. "రోడ్డున్నది" అన్నాడు.

ఎలియాజరు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. నిలబడితే ఊపిరి అందడం లేదు. తర్వాత, పాస్టరుకు గాని, పెళ్ళానికి గాని ఎన్నడూ చెప్పని సంగతి ఈ మేకలవాడికి చెప్పాడు.

"ఇలాగే ఒకాయన అడిగితే బరువైన గుండుకి గది కోసిచ్చానండీ. మీ ఇష్టం అన్నాను, అంతే. నేల గడ్డకట్టి ఉంది. గుండు నేలకి తగిలి పగల్లేదు, ఎగిరి అవతల పొలంలోకి పోయింది. అక్కడ మెక్సికో నుంచొచ్చిన కూలీ ఒకడు పైపులు సర్దుతున్నాడు. మూడు రోజులు బతికాడు. నన్నెవరూ ఏమీ అనలేదు. గది కొలత మాత్రం అణువంత తేడా లేదన్నారు."

ఎలియాజరు రెండో గొట్టాన్ని పాండురంగ వైపు జరిపాడు.

"ఈ చిన్నది తీసుకోండి. ట్వంటీటూ టూఫిఫ్టీ. తేలిక గుండు, వేగం ఎక్కువ. నేలకి తగిలితే చాలావరకు ముక్కలైపోద్ది. దీన్నీ పూర్తిగా నమ్మకూడదు, రోడ్డు వైపు అసలు కొట్టకూడదు. పైగా తేలిక గుండు గాలికి పక్కకు పోద్ది, గాలి కాస్త ఎక్కువుంటే ఆ రోజుకి వదిలేయండి. కొయోటీ రేపు కూడా వస్తది."

"రేపొస్తే ఇంకో మేక పోతది, అంకుల్."

"పోతది" అన్నాడు ఎలియాజరు.

ఆ మాట పాండురంగకు రుచించలేదు. ఆలోచించి చెప్తానని బయటికెళ్ళి ట్రక్కులో కూర్చున్నాడు. ఎలియాజరు కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాడు. ఒంటిగంటయింది. రెండయింది. డాక్టరు గదిలో తన పేరు పిలిచే ఉంటారు. సంతోషకుమారి రెండుసార్లు ఫోను చేస్తే ఎత్తలేదు. పెద్దదే కావాలంటే ఏం చెయ్యాలో ఆయన అప్పటికే నిర్ణయించుకున్నాడు. ఏదీ కొయ్యకుండా రెండు రీమర్లూ పెట్టెలో పెట్టి పంపేస్తాడు. పోతే ఉద్యోగం పోతుంది.

రెండుంబావుకు తలుపు తెరుచుకుంది.

"మా బిడ్డ రూప గదే రోడ్డు మీద స్కూల్ బస్సుల పోతది" అన్నాడు పాండురంగ గుమ్మంలోనే నిలబడి. "చిన్నదే కొయ్యండి." లోపలికి రాకుండానే వెళ్ళిపోయాడు, పిల్లమేకలకు పాలసీసా పట్టే వేళయింది.

ఎలియాజరు చిన్న గొట్టాన్ని లేతుకు బిగించాడు. గొట్టం లోపలి రంధ్రం సరిగ్గా మధ్యలో తిరిగేదాకా మరలు ఒక్కొక్కటే సర్దాలి, వెంట్రుకలో ఇరవయ్యో వంతు తేడా కూడా పనికిరాదు. దానికే గంట పట్టింది. ఇక ఆ మీదట ఆగడానికి లేదు. సగంలో విప్పితే ఆ కుదురు మళ్ళీ దొరకదు, చేసిందంతా వృథా. నొప్పి ఎడమ దవడలోకి పాకింది. ఆంబులెన్సు పిలవాలని తోచింది, ఫోను బల్ల మీదే ఉంది. కానీ రీమరు అప్పటికే గొట్టంలో ఉంది. కొంచెం తొలిచి, బయటికి తీసి, ఇనప పొట్టు తుడిచి, నూనె రాసి, మళ్ళీ తొలవాలి. చేతులు వణకలేదు. మిగతా ఒళ్ళు ఎలా ఉన్నా, ఆ చేతులు అంతవరకూ ఆయన మాట విన్నాయి.

ఐదుకు పావుగంట ముందు పని ముగిసింది. రీమర్లు కడిగి, పెట్టెకు టేపు వేసి, చిరునామా రాశాడు. తుపాకిమందు పోయని ఖాళీ ఇత్తడి డొల్లకు గుండు బిగించి నమూనా తూటా చేశాడు. గదిలో పెట్టి చూస్తే సరిగ్గా కూర్చుంది. పని అయ్యాక ఆ నమూనాను కస్టమర్ చేతిలో పెట్టి పంపడం ఆయన అలవాటు. కార్డు నింపాడు. లేతు ఆపి, స్టూలు మీద కూర్చుని, గోడకు తల ఆనించాడు. సంతోషానికి ఫోను చెయ్యాలనుకున్నాడు.

కొరియర్ కుర్రాడు వచ్చేసరికి ఆయన అలాగే ఉన్నాడు. ముసలాయన కునుకు తీస్తున్నాడనుకుని, లేపడం ఇష్టంలేక, ఆ కుర్రాడు పెట్టె తీసుకుని తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళిపోయాడు. గంటన్నర తర్వాత చర్చివాళ్ళ కారులో సంతోషకుమారి వచ్చింది. భుజం తట్టి, "ఏమండీ" అంది. తర్వాత ఎంతసేపో ఆ ఒక్క మాటే అంటూ ఉండిపోయింది.

మర్నాడు కబురు తెలిసి వచ్చిన పాండురంగకు షాపు యజమాని బల్ల చూపించాడు. కార్డులో 'తూటా' అన్న చోట 22-250 అని ఉంది. దానికింద, అచ్చులో లేని గీత ఒకటి చేత్తో గీసి, తెలుగులో రాసి ఉంది. "వెనకాల: రోడ్డు, బడి బస్సు." కార్డు కదలకుండా దాని మీద మందు పోయని తూటా నిలబెట్టి ఉంది. దాని ఇత్తడి మీద నూనె వేలిముద్ర ఒకటి ఇంకా ఆరలేదు.