గోరింటాకు కింద నలుపు

"తడి చేసుకోకు, ముందు నూనె రాయి" అంది మా అత్తగారు లల్లా తామూ గుమ్మంలోంచే, నాకు తెలియనట్టు. పొడి చేతులకే ఆలివ్ నూనె పట్టించి, పంచదార వేసి రుద్దాలి. గ్రీజు వదిలాక నల్లసబ్బు. నీళ్లు ఆఖరికి. ముందే తగిలితే నలుపు అరచేతి గీతల్లోకి దిగి కూర్చుంటుంది. మా ఆయన బూషైబ్‌కి ఏడాదిగా చేతులు రుద్దుకునే పనే లేదు. వాటికి వణుకు పట్టుకుంది. సఫీ రేవులో చేపల పడవల ఇంజన్లు ఆయన పేరు మీద నేను విప్పుతాను, నేనే బిగిస్తాను. ఆయన షెడ్డు ముందు కుర్చీలో టీ తాగుతూ బేరాలాడతాడు. "నీ చేతులు తెల్లగా ఉన్నన్నాళ్లే నా పరువు, రహ్మా" అన్నాడొకసారి, ఎంతో మెల్లగా. కసిరి ఉంటే ఎదురు చెప్పేదాన్నేమో. ఆ మెల్లదనమే నన్ను లొంగదీసింది.

హమ్మామ్‌లో, ఊరి ఆవిరి స్నానాల గదిలో, ఆడవాళ్లు నా గోళ్లు చూసి, "మొగుడి బట్టలు ఉతికీ ఉతికీ ఇలా అయ్యావు, పాపం" అంటారు. "ఉతకడం కాదే, ఆయన ఒళ్లంతా అంటిస్తున్నాడు" అంటుంది ఇంకొకామె. నేనూ నవ్వుతాను. నాలో ఒక మనిషి మాత్రం నవ్వకుండా నిలబడి నన్నే చూస్తూ ఉంటుంది.

ఈ మధ్యాహ్నం ఆడపడుచు పెళ్లి గోరింటాకు. పెట్టే ఆవిడ నా అరచెయ్యి తిప్పి చూసి ఆగింది. "సన్న గీతలొద్దు, నిండుగా మెత్తెయ్" అంది అత్తగారు.

ఎదురుగా పడవ యజమాని భార్య ఇజ్జా కూర్చుని ఉంది. "మీ ఆయనతో చెప్పు తల్లీ. మొన్న బాగుచేసిన ఇంజను వేడెక్కాక టకటకమంటోందట. సాయంత్రం మా పిల్లలిద్దరూ ఆ పడవమీదే వేటకెళ్తున్నారు."

"కొత్త బిగింపు కదమ్మా, అదే సర్దుకుంటుంది." నాకంటే ముందు అత్తగారే జవాబిచ్చింది.

మొన్న ఆ ఇంజను బిగిస్తుండగా, చుట్టాలొచ్చారు, రొట్టెలకి పిండి కలపమని అత్తగారు పిలిచింది. చేతులు రుద్దుకుని వెళ్లాను. రొట్టెల్లో డీజిల్ వాసనని చుట్టాలు ముక్కు చిట్లించారు. తిరిగొచ్చేసరికి ఇంజను మీద మూత వేసి ఉంది. "నేనే బిగించేశాను" అన్నాడాయన మురిసిపోతూ. విప్పి చూస్తానంటే, "నామీద ఆ మాత్రం నమ్మకం లేదా?" అన్నాడు. ఈలోగా పడవవాళ్లు వచ్చి పట్టుకెళ్లారు.

అత్తగారి వేళ్లు నా మోచేతిని నొక్కాయి. నోరు తెరిస్తే రేపటినుంచి ఆయన కుర్చీ ముందు ఎవరూ ఆగరు. ఆడది ముట్టిన ఇంజనుతో సముద్రం మీదికి ఎవరు వెళ్తారు? తెరవకపోతే ఇజ్జా కొడుకులిద్దరు.

అరచేతిలోని గోరింటాకు ముద్దని గిన్నె అంచుకి గీకేశాను. పెళ్లింట ఇదేం అపశకునమని ఎవరో గొణిగారు.

"పిల్లల్ని పడవ ఎక్కనివ్వకు, ఇజ్జా" అన్నాను. "ఆ ఇంజను నేను సగమే బిగించాను."