హేరోదు ఒప్పుకోలు

సినిమాల్లో మా నాన్న కృపారావు ఎప్పుడూ విలన్ పక్కన నిలబడేవాడు. మాటలు విలన్‌వి, కత్తి నాన్నది. ఇంటర్వెల్ లోపల ఎవరో ఒకర్ని చంపి, చివర్లో హీరో చేతిలో చచ్చిపోయేవాడు.

గరివిడి ఫ్యాక్టరీలో ఫర్నేస్ దగ్గర పనిచేసే మనిషికి ఈ పని క్రిస్మస్ నాటకం వల్ల వచ్చింది. మా బాప్టిస్టు చర్చిలో ఏటా హేరోదు రాజు వేషం ఆయనదే. పసిపిల్లల్ని చంపమని ఆయన అరిస్తే ముందు వరసలో పిల్లలు నిజంగా ఏడ్చేవారు. ఒక ఏడాది చుట్టాల ఇంటికి వచ్చిన సినిమా మేనేజరు అది చూసి విశాఖపట్నం షూటింగుకి పిలిచాడు.

ఊళ్ళో అందరికీ అది సరదాగానే ఉండేది.

"ఒరే బావా, ఈపాలి ఎంతమందిని సంపేవురా?" అని టీకొట్టు లక్ష్ముడు అడిగితే, "నిన్నొక్కడినే పేనాలతో వొగ్గీసేను" అనేవాడు నాన్న.

2015లో వచ్చిన సినిమాలో మాత్రం ఆయన ఒక పాస్టర్‌ని ప్రసంగం చెప్పే చోటే పొడిచాడు. చీపురుపల్లి హాల్లో కుర్రాళ్ళు ఈలలు వేశారు. ఆ నెలే సంఘ పెద్దలు నాన్నకి బల్ల ఆపేశారు. నెలకోసారి చర్చిలో అందరికీ ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం ఇక ఆయనకి ఇవ్వరు. సంఘం ముందు నిలబడి పాపం ఒప్పుకుంటేనే మళ్ళీ ఇస్తారు.

"నానేటి సేసేను మావా? ఆ కత్తి రబ్బరుది," అన్నాడు నాన్న, సంఘ పెద్ద ఎలీషా తాతతో.

"కత్తి రబ్బరుదే. సూసినోల కళ్ళు రబ్బరువి కావు కదరా."

ఆ నెల నుంచి అమ్మ కూడా ఆ రొట్టె పళ్ళెం ముట్టలేదు. మరుసటి ఏడు వానల్లో అమ్మకి గుండె ఆపరేషన్ చెయ్యాలన్నారు. విశాఖపట్నం వెళ్ళేముందు ఇద్దరూ కలిసి ఒక్కసారి బల్ల తీసుకోవాలని ఆమె కోరిక.

"ఒక్క మాట సెప్పీయ్. నీకు పోయేదేటి?" అంది.

"సరే, సెప్తాన్లే" అన్నాడు నాన్న.

శనివారం సాయంత్రం పెరట్లో బట్టలు తీస్తుంటే స్నానాల గది వెనక నాన్న గొంతు వినబడి తొంగి చూశాను.

"సహోదరులారా, నా చేతులు..." అని ఆగాడు. మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. ఆగే చోటుని ఒకసారి ముందుకి జరిపాడు, ఒకసారి వెనక్కి. చివరికి "చేతులు" దగ్గరే ఉంచాడు. అక్కడ ఎడమచేతి వెనకవైపుతో కన్ను తుడుచుకున్నాడు. కంట్లో ఇంకా నీళ్ళు లేవు.

ఇటు తిరిగేసరికి ఆయనకి నేను కనబడ్డాను. నేను బట్టలు తీసుకుని లోపలికి వచ్చేశాను.

ఆదివారం చర్చిలో నాన్న లేచి నిలబడ్డాడు. మాట "చేతులు" దగ్గర ఆగింది. ఎడమచేయి పైకి లేచింది. తర్వాత కన్నీళ్ళు కారాయి. ఆడవాళ్ళ వైపు చాపల మీద అందరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఎలీషా తాత వచ్చి నాన్నని కౌగిలించుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. అమ్మ ముఖం చాలా రోజుల తర్వాత తేటగా ఉంది.

పళ్ళెం మగవాళ్ళ వైపు కదిలింది. నాన్న చేతికి వచ్చింది. తల ఎత్తి, అమ్మ పక్కన కూర్చున్న నావైపు చూశాడు. రొట్టె తీయకుండానే పళ్ళెం పక్కాయనకి అందించేశాడు.

అమ్మ అది చూసింది. మావైపు పళ్ళెం వచ్చినప్పుడు చాచిన చేయి వెనక్కి తీసుకుంది.

తిరుగు ఆటోలో మేం ముగ్గురమే ఉన్నాం.

"అంత బాగా సెప్పీసినావు. మరేటొచ్చింది నీకు?" అంది అమ్మ.

"బాగా సెప్పీసేను. అదేనే. హేరోదు ఏస్తే నాటకమని అందరికీ తెలుసు. ఈయేల ఎవలికీ తెలీదు."

"మరి నా సంగతేటి? ఎల్లుండే కదా ఆపరేషన్‌కి ఎల్లాలి?"

"సాయంత్రం ఎలీషా మావ కాడికెల్లి నిజం సెప్పీస్తాను. ఏడవకుండా."

"ఏడవకపోతే నమ్మరు."

"నమ్మరు," అన్నాడు నాన్న.

అమ్మ ఆయన వైపు చూడలేదు. ఫ్యాక్టరీ గేటు దగ్గర రోడ్డు గతుకులు వచ్చాయి. ఒక చేత్తో ఆటో కమ్మీ, ఇంకో చేత్తో తన గుండె పట్టుకుంది. నాన్న ముందుకి వంగి, మెల్లగా పోనివ్వమని డ్రైవరుకి చెప్పాడు.