చిల్లు లేని ఆకులు

డాబా మీది దోసపాదు విరగబూసింది గానీ పిందె ఒక్కటీ నిలవలేదు. తేనెటీగలు వాలకపోతే కాయ ఎక్కణ్ణించి వస్తుందని ఎవరో అన్నారు. అంతే, దర్జీ అక్క నర్సరీకి వెళ్లి, ‘తేనెటీగలకు ఇష్టమైన మొక్కలు’ అని బోర్డు పెట్టిన వరసలోంచి పన్నెండు పూలకుండీలు ఏరి తెచ్చుకుంది.

మూడోరోజుకల్లా తేనెటీగలు వచ్చాయి. అక్క కుట్టుమిషను ఆపి మరీ చూసి మురిసిపోయింది. వారం తిరక్కుండానే అవన్నీ కుండీల చుట్టూ చచ్చిపడ్డాయి.

వాటిని అగ్గిపెట్టెలోకి ఎత్తుకుని నర్సరీకి పోయి, అక్కడి యజమాని మీద ఒంటికాలి మీద లేచింది.

"బోర్డు మీద తీపి మాటలు రాసి, కుండీలో విషం పెట్టి అమ్ముతారా? సిగ్గులేదూ?"

అతను నీళ్లపైపు కింద పెట్టనైనా లేదు.

"మట్టిలో పురుగుమందు గుళికలు వేస్తామక్కా. ఆ మందు వేరు నుంచి పువ్వు దాకా ఎక్కుతుంది. ఇదివరకు వేసేవాళ్లం కాదు. పోయినేడు ఆకులకు చిల్లులున్నాయని ఎనిమిది మొక్కలు వెనక్కి తెచ్చి పడేసింది మీరే కదా? చిల్లున్న గుడ్డ నేను కుడతానా అని నలుగురిలో కడిగేశారు. అందరూ మీలాగే ఏరుతుంటే మేం బతకొద్దా?"

అక్క అగ్గిపెట్టెను కొంగున ముడేసుకుంది. "మందు వెయ్యనిది ఒక్కటీ లేదా?" అని అడిగింది.

అతను మూలనున్న కుండీ తెచ్చి చేతిలో పెట్టాడు. అక్క వేళ్లు వాటంతటవే ఆకును తిరగేశాయి. గోరంత చిల్లు.

"ఇంతకంటే మంచిది చూపించు" అంది.